ధర్నా చౌక్ అనుమతి: కాదనరు, అవుననరు. హైకోర్టుకు వెళ్లొచ్చా?

విజయవాడ అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్‌లో మున్సిపల్ కాంట్రాక్టు కార్మికుల ఒక్కపూట దీక్ష. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా, 60 మంది, 20 బై 30 టెంటు, ఒక మైకు. ఊరేగింపు లేదు. 15 రోజుల ముందే పోలీస్ స్టేషన్లో దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతిపై స్టాంపు వేయించుకున్నాం. వారం తర్వాత అదే కాగితం పైఅధికారికి రిజిస్టర్ పోస్టులో పంపాం; అందినట్టు కార్డు వచ్చింది. అడిగినప్పుడల్లా "సెక్షన్ 30 అమల్లో ఉందండీ" అని నోటిమాటే. ఉత్తర్వు కాపీ అడిగితే ఇవ్వరు. ఆర్టీఐ జవాబుకు 30 రోజులు, దానితో పని కాదు.

1861 పోలీసు చట్టం సెక్షన్ 30 సభలు, ఊరేగింపుల నియంత్రణకే తప్ప అసలే వద్దనడానికి కాదు. రోడ్లపై సభల మీద ఆంక్షలు పెట్టిన జీవో 1ని హైకోర్టు 2023 మేలో కొట్టేసింది కూడా. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 163 (గుంపుగా చేరొద్దనే నిషేధాజ్ఞ, పాత సీఆర్పీసీ 144) పెట్టారంటే అది రాతపూర్వకంగా ఉండాలి. కాగితమే ఇవ్వకపోతే దేన్ని సవాలు చేయాలి? చిక్కంతా అక్కడే.

ఇంక 5 రోజులే ఉంది. తిరస్కరణ కాగితం లేకుండా, స్టాంపు ప్రతి, పోస్టు కార్డు మాత్రమే పెట్టి "జవాబివ్వడం లేదు" అని రిట్ వేస్తే లంచ్ మోషన్‌లో (అత్యవసరమని అదే రోజు విచారణకు) తీసుకుంటారా?