ఉమ్మడి ప్రాజెక్టులో కోడ్ కలిపే పద్ధతి: స్క్వాషా, మర్జ్ కమిటా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఏడుగురం తీరిక వేళల్లో తెలుగు అక్షరదోషాలను పట్టే ఉచిత ఉపకరణం ఒకటి రాస్తున్నాము. ఇంతవరకు గిట్ (కోడ్ మార్పుల చరిత్రను నమోదు చేసే ఉపకరణం)లోని మెయిన్ బ్రాంచిలో, అంటే అందరి ఉమ్మడి కోడ్ శాఖలో, ఎవరికి తోచినట్లు వారు కలుపుతూ వచ్చాము. గత నెలలో మా ఉపకరణం "సాఫ్ట్‌వేర్"ను "సాఫ్ట్వేర్"గా మార్చేస్తోందని తెలిసింది. పొల్లు తరువాత ఉండే, కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జేను (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తును) ఎక్కడో తొలగిస్తున్నామన్నమాట. తప్పు ఏ కమిట్‌తో (నమోదైన మార్పుతో) వచ్చిందో పట్టే గిట్ బైసెక్ట్‌తో వెతికితే, పదహారు కమిట్‌లను స్క్వాష్ చేసి, అంటే ఒక్కటిగా కుదించి, కలిపిన 1,900 పంక్తుల కమిట్ దగ్గర ఆగింది. అందులో తప్పు పంక్తిని పట్టడానికి రెండు రాత్రులు పట్టింది. స్క్వాష్ మానేద్దామంటే, "మళ్లీ సరిచేశాను" వంటి కమిట్‌లతో చరిత్ర నిండిపోతుందని మాలో కొందరు అంటున్నారు. ఏ నియమం పెట్టుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1:
మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది స్క్వాష్ కాదు, పుల్ రిక్వెస్ట్ (మార్పులను కలపమని పంపే అభ్యర్థన) పరిమాణం. ఒక్కో దానిలో ఒక్క మార్పే ఉండాలని నియమం పెట్టి, గిట్‌హబ్ సెట్టింగులలో స్క్వాష్‌ను మాత్రమే అనుమతించండి. బైసెక్ట్ ప్రతిసారీ సగానికి తగ్గిస్తుంది కనుక, వెయ్యి కమిట్‌లలోనైనా సుమారు పది పరీక్షలతో తప్పు దొరుకుతుంది. దానిని ఒక్క రివర్ట్‌తో వెనక్కి తీసుకోవచ్చు. బ్రాంచిలోని కమిట్‌లను విడివిడిగానే ఉంచి కలిపే మర్జ్ కమిట్‌ను రివర్ట్ చేస్తే అంత సులువు కాదు: అదే బ్రాంచిని తరువాత మళ్లీ కలిపినా పాత మార్పులు తిరిగి రావు, ముందుగా ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయవలసి ఉంటుంది.

జవాబు 2:
పై మిత్రునితో సగమే ఏకీభవిస్తాను. నిఘంటువు నిర్మాణాన్నే మార్చేటటువంటి పనులను ఎంత చిన్నవిగా విడదీసినా అవి ఒకదానిపై ఒకటి ఆధారపడే ఉంటాయి. లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో), రెండు వారాల మర్జ్ విండోలో, అంటే కొత్త మార్పులను స్వీకరించే గడువులో, దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మెయింటైనర్ల (ఒక్కో భాగాన్ని చూసుకొనేవారి) బ్రాంచీలను కలుపుకొనేటప్పుడు, విడివిడి కమిట్‌లు అలాగే నిలుస్తాయి. అయితే వరుసలోని ప్రతి ప్యాచ్ (మార్పు) తరువాత కెర్నెల్ బిల్డ్ కావాలన్న షరతు ఉంది. అందువల్ల, రాసినవారే తమ బ్రాంచిని ఇంటరాక్టివ్ రీబేస్‌తో (కమిట్‌లను తిరగరాసి సర్దే ఆదేశంతో) శుభ్రం చేసి ఇవ్వాలి, ఆపైన మర్జ్ కమిట్‌తో కలపాలి. గిట్ 2.29 నుండి బైసెక్ట్‌కు, కలిపిన బ్రాంచీల లోపలి కమిట్‌లను వదిలి వెతికే ఫస్ట్ పేరెంట్ ఐచ్ఛికం ఉంది. ముందు ఏ బ్రాంచి తప్పో, ఆపైన ఏ కమిట్ తప్పో తేల్చుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చిన్న మార్పులకు స్క్వాష్, నిఘంటువు మార్పులకు రెండవ పద్ధతి అనుకుంటున్నాము. అయితే బ్రాంచిలోని ప్రతి కమిట్‌కూ టెస్టులు నడిచాయని ఎలా నిర్ధారించుకోవాలి?

జవాబు 2:
రీబేస్‌కు ఎగ్జిక్ ఐచ్ఛికంలో మీ టెస్టు ఆదేశాన్ని ఇవ్వండి. ప్రతి కమిట్ తరువాత అది నడుస్తుంది, విఫలమైన చోటనే రీబేస్ ఆగుతుంది. ఆ "సాఫ్ట్‌వేర్" మాటను మొదటి టెస్టుగా చేర్చండి.