ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల అమెరికన్ ముద్రాచిత్రాలు, రేఖాచిత్రాలు: సేకరించేవారి అనుభవాలు

మలయమారుతం:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో స్థిరపడి, న్యూయార్క్ మ్యూజియంలకు తరచూ వెళ్లడం అలవాటైన తరువాత, 1900 నుంచి 1930ల దాకా అక్కడి చిత్రకారులు చేసిన ఎచింగులు (రాగి పలక మీద ఆమ్లంతో గీతలు దింపి అచ్చు తీసినవి), లితోగ్రాఫులు (రాయి మీద గీసి అచ్చు తీసినవి), పెన్సిల్ చిత్రాల మీద నా మనసు నిలిచింది. ఆ కాలపు తైలవర్ణ చిత్రాలు మనబోటి ఉద్యోగస్తులకు అందేవి కావు గాని, అవే చేతులు రాగి పలక మీదా, రాయి మీదా గీసినవి ఇప్పటికీ కొన్ని అందుబాటులోనే ఉన్నాయి. ఈ మధ్య ఒక విక్రేత దగ్గర న్యూయార్క్ చిత్రకారుడు జార్జ్ బెలోస్ లితోగ్రాఫ్ ఒకటి చూశాను. కింద పెన్సిలుతో ఆయన పేరు ఉంది. దాని పక్కన చిన్నగా జె.బి.బి. అనే అక్షరాలు కూడా ఉన్నాయి. చిత్రకారుడే సంతకం చేసిన ప్రతుల కంటే దీని ధర బాగా తక్కువ చెబుతున్నారు. ఆ అక్షరాలు ఎవరివి, ఇటువంటి ప్రతి కొనదగినదేనా, కొనే ముందు ఏమేమి పరీక్షించాలి అన్నవి తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

రాతిముద్ర:
మలయమారుతం గారూ, జె.బి.బి. అంటే బెలోస్ కుమార్తె జీన్ బెలోస్ బూత్. కొన్ని ప్రతుల మీద ఇ.ఎస్.బి. అని కనిపిస్తుంది, అది ఆయన భార్య ఎమ్మా స్టోరీ బెలోస్ గుర్తు. బెలోస్ 1916లో లితోగ్రాఫులు మొదలుపెట్టి, 1925 జనవరిలో అపెండిసైటిస్ ముదిరి, 42 ఏళ్ల వయసులోనే చనిపోయారు. అప్పటికే అచ్చయి, సంతకం పడకుండా ఇంట్లో మిగిలిపోయిన ప్రతుల మీద తల్లీకూతుళ్లు ఆయన పేరు రాసి, తాము రాసినట్టు తెలిసేలా తమ పొడి అక్షరాలను చేర్చారు. కనుక ఇందులో మోసమేమీ లేదు. సంతకం వేరొకరిదైనా ముద్ర మాత్రం ఆయన కాలంలో పడినదే కావచ్చు. మీరు తేల్చుకోవలసింది ఆ ముద్ర ఎంత బాగా పడిందన్నదే.

బెలోస్ రాయి మీద క్రేయానుతో గీసేవారు గాని ముద్రించే పని నిపుణులకు అప్పగించేవారు. మొదట్లో జార్జ్ మిల్లర్, 1921 నుంచి బోల్టన్ బ్రౌన్ ఆయన రాళ్లను ముద్రించారు. బ్రౌన్ ముద్రించిన కాగితాల మీద ఎడమ మూల ఆయన పేరు కూడా పెన్సిలుతో ఉండడం మీరు గమనించవచ్చు. న్యూయార్క్‌లో బహిరంగంగా ముష్టియుద్ధాలు నడపడం నిషిద్ధమైన రోజుల్లో క్లబ్బుల చాటున జరిగిన పోటీలను బెలోస్ 1909లో తైలవర్ణంలో చిత్రించారు. ఆ చిత్రం ఇప్పుడు క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. దాన్నే 1917లో ఆయన లితోగ్రాఫుగా మలిచినప్పుడు దాదాపు నూరు ప్రతులు అచ్చయ్యాయి. ఒకే రాయి నుంచి వచ్చిన ఆ నూరింటిలోనూ జనం ముఖాల మీది నలుపు ఒక్కలా ఉండదు. మంచి ప్రతిలో క్రేయాను గరుకు రేణువులు రేణువులుగా, విడివిడిగా కనిపిస్తుంది. సిరా ఎక్కువైన ప్రతిలో ఆ రేణువులు కలిసిపోయి నల్లని ముద్దలా తోస్తుంది.

పది రెట్లు పెద్దవి చేసి చూపే భూతద్దం ఒకటి దగ్గర ఉంచుకోండి. చుక్కలు వరుసలు కట్టి క్రమంగా కనిపిస్తే అది పుస్తకంలోంచి తీసిన అచ్చు. లితోగ్రాఫుకు ఎచింగుకు ఉన్నట్టు పలక అంచు కాగితంలోకి దిగిన నొక్కు ఉండదు కాబట్టి, అది లేదని కంగారు పడకండి.

సూదిగీత:
నా సేకరణ అంతా రాగి పలక చుట్టూ తిరుగుతుంది. చిత్తూరు జిల్లా నుంచి పారిస్ వెళ్లి, ఒకే పలక మీద వేర్వేరు చిక్కదనాలున్న రంగులను నిలబెట్టే పద్ధతికి పేరు తెచ్చి, ఆ తరువాత న్యూయార్క్‌లో స్థిరపడి ఎందరికో పాఠం చెప్పిన కృష్ణారెడ్డి గారి ముద్రాచిత్రాలు చూసి పలక అంటే ఏమిటో నేర్చుకున్నాను. అక్కడి నుంచి వెనక్కి నడిచి జాన్ స్లోన్ దగ్గరికి చేరాను.

స్లోన్ ఫిలడెల్ఫియా పత్రికల్లో బొమ్మలు వేసి, న్యూయార్క్ వచ్చి, 1905, 1906 సంవత్సరాల్లో నగర జీవితం మీద పది ఎచింగుల వరుస చేశారు. వేసవి రాత్రి ఉక్క భరించలేక మేడల పైకప్పుల మీద పడుకున్న కుటుంబాలు, మంచం మీది నుంచే దీపం ఆర్పుతున్న స్త్రీ, చిందరవందర గదిలో కూర్చుని పత్రికలోని మహిళల పేజీ చదువుతున్న ఇల్లాలు ఆ వరుసలోని వారే. 1906లో అమెరికన్ వాటర్ కలర్ సొసైటీ ఆ పదింటినీ ప్రదర్శనకు పిలిచి, వాటిలో నాలుగు అసభ్యంగా ఉన్నాయంటూ తిప్పి పంపింది. ఈ రోజు చూస్తే వాటిలో అసభ్యత ఎక్కడా కనబడదు. పేదవారి ఇంట్లోకి అంత దగ్గరగా, అంత ఆప్యాయంగా చూడడాన్నే ఆనాటి వారు ఓర్చుకోలేకపోయారని నాకు తోస్తుంది.

సేకరించేవారికి స్లోన్ విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. కాగితం కింద “నూరు ప్రతులు” అని ఆయన రాసి ఉంచినంత మాత్రాన నూరూ అచ్చయినట్టు కాదు. అది అనుకున్న సంఖ్య మాత్రమే. అడిగేవారు దొరికినప్పుడల్లా కొన్ని కొన్ని చొప్పున, ఏళ్ల తరబడి, ఒక్కోసారి ఒక్కో ముద్రకుడి చేత వేయించేవారు. అందువల్ల అదే చిత్రంలో తొలి ముద్రకూ, చాలా ఏళ్ల తరువాతి ముద్రకూ కాగితమూ, పలక మీది సిరా తుడిచిన తీరూ వేరుగా ఉంటాయి. పీటర్ మోర్స్ 1969లో ప్రకటించిన స్లోన్ ముద్రాచిత్రాల జాబితా దగ్గర పెట్టుకోకుండా స్లోన్ పని కొనవద్దని నా సలహా. ఆయన చిత్రాలు అత్యధికంగా ఉన్నది డెలావేర్ ఆర్ట్ మ్యూజియంలో. మీకు న్యూజెర్సీ నుంచి అది దూరం కాదు.

ఎడ్వర్డ్ హాపర్ దారి వేరు. ఎచింగులో మెలకువలు ఆయన ఆస్ట్రేలియా నుంచి వచ్చి స్థిరపడిన మార్టిన్ లూయిస్ దగ్గర తెలుసుకుని, 1915 నుంచి 1923 దాకా ఆ పని దీక్షగా చేసి, ఆపైన తైలవర్ణాలకూ నీటిరంగులకూ మళ్లిపోయారు. తన ప్రెస్సు మీద తానే ముద్రించుకుంటూ, దొరికిన వాటిలో అతి తెల్లని ఇటలీ కాగితాన్నీ, అతి నల్లని సిరానూ వెదికి తెప్పించుకునేవారు. అందుకే ఆయన మంచి ప్రతుల్లో కిటికీలోంచి వచ్చే వెలుతురు కాగితంలోంచి వస్తున్నట్టే ఉంటుంది. కాగితం పసుపెక్కితే ఆ చిత్రంలో సగం పోయినట్టే. వీధి మూలన ఒంటరిగా నడుస్తున్న మనిషిని మిద్దె మీది నుంచి చూపించే ఆయన 1921 నాటి రాత్రి దృశ్యాన్ని 1924లో న్యూ రిపబ్లిక్ పత్రిక చందాదారుల కోసం తెచ్చిన ఆరు ఎచింగుల సంపుటిలో చేర్చారు. అందుకోసం రాగి పలక అరగకుండా ఉక్కు పూత వేసి సుమారు 500 ప్రతులు తీశారు. మిగిలిన హాపర్ ఎచింగుల కంటే అది తరచుగా వేలానికి రావడానికి కారణం ఇదే. స్లోన్, జాన్ మారిన్ ఎచింగులు కూడా ఆ సంపుటిలో ఉన్నాయి. మారిన్ ముద్రాచిత్రం ఒకటి కావాలనుకునేవారికి నేను మొదట చూపించే చోటు అదే.

ఉక్కు పూత మాట వచ్చింది కాబట్టి డ్రైపాయింట్ గురించి కూడా చెప్పాలి. ఇందులో ఆమ్లం ఉండదు. సూదితో రాగిని నేరుగా గీస్తారు. గీత పక్కన లేచిన రాగి గరుకు సిరాను పట్టుకుని, ముఖమల్ లాంటి మెత్తని నలుపునిస్తుంది. ప్రెస్సు ఒత్తిడికి ఆ గరుకు త్వరగా అణిగిపోతుంది కనుక తొలి ప్రతులకూ చివరి ప్రతులకూ తేడా కంటికి తెలుస్తుంది. లూయిస్ 1930 ప్రాంతంలో గీసిన వీధిదీపాల, మంచు మెట్ల దృశ్యాల్లో చిత్రమంతా ఈ నలుపు మీదే ఆధారపడి ఉంది. సంతకం ఉన్న నీరసపు ప్రతి కంటే సంతకం లేని నిండైన ప్రతిని నేను ఎప్పుడూ ముందు ఎంచుకుంటాను.

చిత్రాంగి:
సూదిగీత గారి మాట కాదనను గాని, మొదటిసారి కొనేవారికి అది బరువైన సలహా అనిపిస్తోంది. ప్రతుల మధ్య తేడా తెలియాలంటే ముందు ఇంట్లో ఒకటైనా ఉండాలి. నేను 1934లో న్యూయార్క్‌లో మొదలైన అసోసియేటెడ్ అమెరికన్ ఆర్టిస్ట్స్ ప్రచురణలతో ప్రారంభించాను. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజుల్లో వాళ్లు చిత్రకారుడి సంతకమున్న లితోగ్రాఫులను అయిదు డాలర్లకు అమ్మారు. సాధారణంగా ఒక్కో చిత్రం 250 ప్రతులు వేసేవారు. థామస్ హార్ట్ బెంటన్, గ్రాంట్ వుడ్, జాన్ స్టూవర్ట్ కర్రీ వంటివారి పని అలా చిన్న ఊళ్ల ఇళ్లకు కూడా తపాలాలో చేరింది. గ్రాంట్ వుడ్ 1930ల చివర్లో చేసిన ఒక లితోగ్రాఫులో పొలం పని ముగించిన రైతు తొట్టి పక్కన స్నానం చేస్తుంటాడు. అది అశ్లీలమని తపాలా శాఖ పంపడానికి ఒప్పుకోకపోవడంతో నూరు ప్రతులతోనే ఆగిపోయింది. ఆ తరహా ధరలకే మొదలైన ఈ ప్రచురణల్లో అంతగా పేరు లేని చిత్రకారులవి ఇప్పటికీ సామాన్యులు కొనగల స్థాయిలో ఉన్నాయి.

నేను ప్రాణంగా చూసుకునేవి మాత్రం ప్రావిన్స్‌టౌన్ తెల్లగీత చెక్కముద్రలు. 1915 ప్రాంతంలో మసాచుసెట్స్ తీరంలోని ఆ ఊళ్లో చిత్రకారులు ఒక్కో రంగుకు ఒక్కో చెక్క కోసే జపాను పద్ధతిని వదిలి, మొత్తం బొమ్మను ఒకే చెక్క మీద చెక్కడం మొదలుపెట్టారు. ఆకారాల మధ్య కోసిన గాడి కాగితం మీద తెల్లగీతగా మిగులుతుంది. ఒక్కో భాగానికీ కుంచెతో రంగు పూసి, కాగితాన్ని దాని మీద వాల్చి, చేత్తో రుద్దుతారు. బ్లాంచ్ లాజెల్ ఈ పద్ధతిలో ఏళ్ల తరబడి పనిచేశారు. ఒకే చెక్క నుంచి తీసినా ఏ రెండు ప్రతులకూ రంగులు కలవవు.

సూదిగీత:
చిత్రాంగి గారూ, 1930ల మాట ఎత్తారు కాబట్టి ఒకటి చేర్చాలి. 1935 తరువాత ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు కింద ప్రభుత్వ జీతం మీద చిత్రకారులు చేసినవాటిని కూడా మార్కెట్లో చూస్తుంటాం. ఆ ప్రాజెక్టు పనులు ఎక్కడ ఉన్నా తమ సొత్తేనని అమెరికా ప్రభుత్వం భావిస్తుంది. కాబట్టి వెనక ప్రాజెక్టు ముద్ర, అప్పగించిన సంస్థ పేరు కనిపిస్తే, అది ఏ దారిన విక్రేత చేతికి వచ్చిందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్న తరువాతే ముందుకు వెళ్లండి.

గాలిగీత:
ఇంతవరకు రేఖాచిత్రాల ప్రస్తావన రాలేదు. వాటికి జాబితాలూ, ప్రతుల సంఖ్యలూ ఉండవు, కాగితమే సాక్ష్యం. నేను అబ్రహం వాకోవిట్జ్ గీసిన ఇసడోరా డంకన్ నాట్యచిత్రాలతో మొదలుపెట్టాను. ఫ్రెంచి శిల్పి రొడాన్ కార్యశాలలో ఆమెను చూసిన తరువాత ఆయన జీవితమంతా ఆమె కదలికలను కలంతో, నీటిరంగులతో గీస్తూ ఉండడం వల్ల అవి అయిదు వేలకు మించి ఉన్నాయి. అందుకే ధర దిగువన ఉంటుంది. కూచిపూడి నేర్చుకున్న మా అమ్మాయి వాటిని చూసి, మొహం గీయకుండానే బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తోందని అంది. ఆ చిత్రాల గురించి నేను చదివిన వివరణల్లో అంతకంటే నచ్చిన మాట లేదు.

1910 నాటిదని చెప్పే చిత్రాన్ని చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడండి. కాగితం నీలి తెలుపుగా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనాలున్నట్టు. అవి కాగితం తయారీలో వాడుకకు వచ్చింది సుమారు 1950 నుంచి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని నీటిగుర్తు కూడా వెదకండి. ఈ పరీక్షలు నకిలీని పట్టిస్తాయి గాని అసలును నిరూపించలేవు. దానికి ఆ చిత్రం ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న వరుస కావాలి.

కాగితపుమడత:
నేను విశాఖపట్నంలో పాత కాగితాల సంరక్షణ పని చేస్తాను. అమెరికా నుంచి తెచ్చి ఇక్కడ గోడకు తగిలించినవి నా దగ్గరికి వస్తుంటాయి. వాటికి ఎక్కువ హాని చేసేది పటాలు కట్టించిన తీరే. హార్డ్‌బోర్డు, గోధుమరంగు టేపు, మ్యాట్ (చిత్రం చుట్టూ పెట్టే అట్ట చట్రం) అన్నీ ఆమ్లాన్ని కాగితంలోకి దింపి, చిత్రం చుట్టూ కాలినట్టు గోధుమరంగు చార వేస్తాయి. మ్యాటూ వెనక అట్టా రెండూ ఆమ్లం లేనివే అడగండి. చిత్రాన్ని అట్టకు అంటించనివ్వకండి. పై అంచున రెండు చోట్ల జపాను కాగితపు పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీస్తే చాలు. అద్దం చిత్రానికి తగలకూడదు, తగిలితే తేమకు సిరా అద్దానికి అంటుకుంటుంది.

తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండడం మేలు. మన తీరప్రాంతంలో వానాకాలంలో అది చాలా పెరిగి, కాగితం మీద బూజు, గోధుమ చుక్కలు వస్తాయి. వాన జల్లు కొట్టే బయటి గోడకు పటం తగిలించవద్దు. వెలుతురు కూడా తక్కువగా, యాభై లక్సులకు (వెలుతురు కొలత) మించకుండా చూసుకోండి. చుక్కలు వచ్చిన ముద్రాచిత్రాన్ని తెల్లబరిచి ఇస్తామని బ్లీచింగ్ చేసేవారికి అప్పగిస్తే కాగితం పీచు బలహీనపడుతుంది. ఎచింగు అంచులను పటానికి సరిపోయేలా కత్తిరించమనే సలహా ఎవరిచ్చినా వినకండి; ఆ అంచులే దాని వయసుకూ, ముద్రకుడి పేరుకూ ఆధారాలు.

మలయమారుతం:
అందరికీ ధన్యవాదాలు. ముందుగా అనుమతి తీసుకుని మెట్రొపాలిటన్ మ్యూజియం ముద్రాచిత్రాల అధ్యయన గదిలో బెలోస్ లితోగ్రాఫులను అద్దం అడ్డు లేకుండా చూసి వచ్చాను. విక్రేత దగ్గరి ప్రతిలో నలుపు వాటి స్థాయిలోనే ఉంది, అంచులు కూడా నిండుగా ఉన్నాయి. వెనక వైపు ఫొటో, ఇంతవరకు ఎవరెవరి దగ్గర ఉందన్న వివరం అడిగాను. అవి సరిగా వస్తే తీసుకోవాలనుకుంటున్నాను. కొన్నేళ్ల తరువాత హైదరాబాదు తిరిగి వచ్చే ఆలోచన ఉంది. అప్పుడు వెంట తీసుకురావడంలో ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

రాతిముద్ర:
సుంకాల వర్గీకరణలో ఇటువంటివి 97వ అధ్యాయం కిందికి వస్తాయి. చేత్తో గీసిన చిత్రానికి ఒక శీర్షిక, అసలు ముద్రాచిత్రానికి వేరొక శీర్షిక ఉన్నాయి. చిత్రకారుడు పూర్తిగా చేత్తో తయారుచేసిన పలకల నుంచి నేరుగా తీసిన ముద్రలకే ఆ రెండో శీర్షిక వర్తిస్తుంది, యంత్రంతో గానీ ఫొటో పద్ధతితో గానీ చేసినవాటికి వర్తించదు. కాబట్టి రసీదు మీద “పోస్టర్” అనో “ప్రింట్” అనో కాకుండా, రాతి లితోగ్రాఫ్ అనీ, చిత్రకారుడి పేరూ, సంవత్సరమూ రాయించుకోండి. తెచ్చిన రోజున ఎంత సుంకం ఉంటుందో అప్పటి రేటు చూసుకోవాలి.

దీనికంటే ముఖ్యమైనది 1972 నాటి పురావస్తు చట్టం. వందేళ్లు దాటిన చిత్రం, కళాకృతి ఆ చట్టపు నిర్వచనం కిందికి వస్తాయి, అటువంటివాటిని దేశం నుంచి బయటికి పంపడం మీద కట్టుబాట్లున్నాయి. 1917 నాటి లితోగ్రాఫు ఇప్పటికే ఆ వయసు దాటింది. మళ్లీ అమెరికా తీసుకుపోవలసిన అవసరం కలగవచ్చనుకుంటే, కొన్న రసీదునూ, భారతదేశంలోకి తెచ్చినప్పటి కస్టమ్స్ కాగితాలనూ జాగ్రత్త చేసి, బయలుదేరక ముందే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వారిని రాతపూర్వకంగా అడగండి.