అప్‌డేట్: కొత్త స్టాఫ్ నర్స్, నైట్ డ్యూటీ అంటే దడ (ఇప్పుడు ఎలా ఉందంటే)

మూడు నెలల కింద ఇక్కడే అడిగాను. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక విశాఖలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేరానని, నైట్ డ్యూటీ అంటేనే గుండె దడ, చేతుల వణుకు అని, ఆదివారం చర్చికి కూడా వెళ్లలేకపోతున్నానని, ఇదంతా విశ్వాసం తక్కువై వచ్చిందా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు డాక్టర్‌కి చూపించుకోమన్న అక్క మాటే నిజమైంది. హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది, అంటే రక్తహీనత. థైరాయిడ్ నార్మల్. ఐరన్ మాత్రలు వేసుకుంటూ, రాత్రి తాగే నాలుగు టీలు మానేశాక దడ చాలా తగ్గింది. నర్సునై ఉండి నాకే తోచలేదు, నవ్వుకోండి!

మిగిలిన భయం మందుల దగ్గర. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), పొటాషియం క్లోరైడ్ లాంటి, మోతాదు తప్పితే ప్రమాదమైన మందులు ఇచ్చే ముందు ఇంకో నర్సుతో సరిచూపించుకోవాలని మా వార్డులో రూలే ఉంది. పిలిస్తే చులకనైపోతానని నేనే పిలిచేదాన్ని కాదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పేశాను. తిట్టలేదు, నెల రోజులు సీనియర్‌తో కలిపి డ్యూటీ వేశారు.

ప్రార్థన? అదీ పనిచేసింది, కాకపోతే నేననుకున్నట్టు కాదు. 121వ కీర్తనలో కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని ఉంటుంది కదా. తెల్లవారుజామున మూడింటికి వార్డంతా నిద్రపోతుంటే, మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే కాదనిపిస్తుంది. ఆదివారం డ్యూటీ పడిన వారం, సెలవు రోజున రాస్ హిల్ మీది చర్చికి ఎక్కి, కింద హార్బర్‌లో ఓడలు చూస్తూ కాసేపు కూర్చుంటున్నాను. మా పాస్టర్ గారు ఏమంటారోనని టెన్షన్ పడ్డాను. "రోగికి నీళ్లు తాగించడమూ ఆరాధనేనమ్మా" అన్నారు.

ఉద్యోగం మారాల్సిన అవసరం పడలేదు. రేపటి నుంచి మళ్లీ నైట్లు.