సాయంకాలం లా క్లాసులు ఎత్తేసిన హ్యూస్టన్: చేసింది న్యాయమేనా?

లా_ఫైనలియర్: చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో నల్లజాతి ఆఫీసర్. అక్కడ పడ్డ అవమానాలకు ఒళ్లు మండి, బతికి బయటపడితే లా చదివి, ఎదురు తిరగలేని వాళ్ల కోసం కొట్లాడాలని నిశ్చయించుకున్నాడు. హార్వర్డ్‌లో చదివి, 1929లో వాషింగ్టన్‌లో ప్రధానంగా నల్లజాతి వాళ్లు చదివే హోవర్డ్ యూనివర్సిటీ లా స్కూల్ పగ్గాలు పట్టాడు. ఆ తర్వాత ఉద్యోగస్తులు చదువుకునే సాయంకాలం క్లాసులే ఎత్తేశాడు! ఇది పేదవాడి పొట్ట కొట్టడం కాదా?

పాత_ప్లీడర్: కాదు బాబూ. 1931లో ఆ లా స్కూల్‌కి అమెరికన్ బార్ అసోసియేషన్ (లా కాలేజీలకు ప్రమాణాలు పెట్టే లాయర్ల సంఘం) గుర్తింపు వచ్చింది. 1933లో అక్కడ పట్టా పుచ్చుకున్న తర్‌గుడ్ మార్షల్, రెండేళ్లకే గురువుతో కలిసి నల్లవాళ్లను చేర్చుకోని మేరీల్యాండ్ యూనివర్సిటీ లా స్కూల్‌లో నల్లజాతి విద్యార్థి ముర్రేకి సీటు ఇప్పించాడు. 1938లో మిస్సోరీ రాష్ట్రంలో అలాగే లా సీటు నిరాకరించబడ్డ నల్లజాతి విద్యార్థి గెయిన్స్ కేసు సుప్రీంకోర్టులో నెగ్గిందీ హ్యూస్టనే. పగలంతా ఆఫీసులో నలిగి వచ్చినవాణ్ణి ఇలాంటి కేసులకు తయారుచేయడం మాటలా?

సుజాత_గుంటూరు: మాటలు కాదు, నిజమే సార్. కానీ హ్యూస్టన్ నాన్నగారే యుద్ధ శాఖలో గుమాస్తాగిరీ చేస్తూ, సాయంత్రాలు అదే హోవర్డ్‌లో చదివి లాయరయ్యారు. కొడుకు హార్వర్డ్ దాకా వెళ్లాడంటే ఆ సంపాదన వల్లే. మార్షల్ ఫీజుకైతే వాళ్లమ్మ పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టారు. ఉంగరం కూడా లేని ఇంటి సంగతేంటి? పైగా బార్ అసోసియేషన్ 1921 ప్రమాణాల్లోనే పార్ట్‌టైమ్ చదువుకు చోటుంది, ఏళ్లు ఎక్కువ పడతాయంతే. గుర్తింపు కోసమే మూశారంటే నేనొప్పుకోను.

పాత_ప్లీడర్: ఆ పాయింటు గట్టిదేనమ్మా. అయితే పగలూ సాయంత్రమూ రెండూ నడపాలంటే మాస్టార్లు కావద్దూ? కోర్టు పని ముగించుకుని వచ్చి పాఠం చెప్పే లాయర్లతో కాదు, రోజంతా అక్కడే ఉండే ప్రొఫెసర్లతో కాలేజీ నడవాలని ఆయన పట్టు. ఉన్న డబ్బు ఒకదానికే పెట్టాడు.

సుజాత_గుంటూరు: పెట్టనివ్వండి. చేరినవాళ్లు చదువు ముగించేదాకా ఆగి, ఆ తర్వాత నాలుగేళ్ల సాయంకాలం కోర్సు చిన్నదొకటి ఉంచినా సరిపోయేది. గెలిచిన కేసుల లెక్క ఉంది గానీ, లాయర్ కాలేకపోయిన గుమాస్తాల లెక్క ఎవరు రాశారు?

లా_ఫైనలియర్: 1954లో స్కూళ్లలో జాతి విభజన చెల్లదన్న తీర్పు వచ్చింది, వాదించింది మార్షలే. హ్యూస్టన్ 1950లోనే పోయాడు. ఆ తీర్పును పక్కన పెట్టలేను, సుజాత గారి ప్రశ్ననూ పెట్టలేను. నా ఓటు ఇంకా ఎటూ వేయలేదు.