డయాఫ్రమ్ పంపు వాల్వుకు పేటెంట్: పరీక్షలో వచ్చిన అభ్యంతరాలకు ఎలా జవాబివ్వాలి?

పల్నాటి పంపులు:

అందరికీ నమస్కారం. నరసరావుపేట దగ్గర స్ప్రేయర్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. నెలన్నర క్రితం నా పేటెంట్ దరఖాస్తుకు మొదటి పరీక్షా నివేదిక వచ్చింది. ఈ దారిలో నడిచినవారు ఇక్కడ ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్‌లో 12 వోల్టుల చిన్న డయాఫ్రమ్ పంపు ఉంటుంది. మిరప పంట కాలంలో నా దగ్గరకు వచ్చే పంపుల్లో చాలా వాటికి ఒకటే జబ్బు: మోటారు తిరుగుతుంది, మందు రాదు. విప్పి చూస్తే డయాఫ్రమ్ అనే రబ్బరు పొర నిక్షేపంలా ఉంటుంది. చెడిపోయేది వాల్వు. డయాఫ్రమ్ వెనక్కి లాగినప్పుడు లోపలికి వచ్చే దారి తెరుచుకోవాలి, ముందుకు తోసినప్పుడు అది మూసుకుని బయటి దారి తెరుచుకోవాలి. రెండు దారులకూ కాపలా గొడుగు ఆకారంలో ఉండే రబ్బరు బిళ్లలే. నీటిలో కలిపే పొడి మందుల్లో చాలా వాటి రేణువులు కరగవు, తేలుతూ ఉంటాయి. ఒక్క రేణువు గొడుగు అంచు కింద ఇరుక్కున్నా పీల్చిన మందు వెనక్కి పోతుంది, ఒత్తిడి పడిపోతుంది. సాయంత్రం కడగకుండా పెట్టేస్తే రబ్బరు తాను ఆనే సీటుకు అతుక్కుపోతుంది, మర్నాడు పంపు పీల్చదు. పొలం మధ్యలో ఇరవై కిలోల బరువు వీపున మోస్తూ రైతు ఆ పంపును చేత్తో తట్టుకుంటూ నిలబడటం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

నేను రెండు మార్పులు చేశాను. చదునైన సీటు తీసేసి దాని చోట రెండు సన్నని వలయాకారపు గట్లు, వాటి నడుమ గాడి పెట్టాను. గొడుగు అంచును ఒక వైపు మందంగా, ఎదురు వైపు పలచగా పోయించాను. తెరుచుకునేటప్పుడు పలచని వైపు ముందు లేస్తుంది. రంధ్రాల నుంచి వచ్చిన మందు లోపలి గట్టు దాటి, గాడి వెంట తిరిగి, ఆ సందులోంచి వేగంగా పోతూ రేణువులను తనతో తీసుకుపోతుంది.

నివేదికలో పరీక్షకుడు రెండు పాత పత్రాలు చూపారు. మొదటిది ఒక గాలి పంపు: సీటు మీద వలయపు గట్టు ఉంది. రెండోది శరీరంలోకి మందు ఎక్కించే వైద్య పంపు: దాని రబ్బరు రెక్క ఒక అంచున పలచగా ఉంది. ఈ రెండింటినీ కలిపితే మీదే వస్తుంది, కనుక ఇందులో ఆవిష్కరణ మెట్టు, అంటే తేలిగ్గా తట్టని కొత్త అడుగు, లేదు అన్నారు. తెలిసిన భాగాలను పక్కపక్కన పెట్టడమేనంటూ సెక్షన్ 3(ఎఫ్) కూడా చూపారు. క్లెయిముల్లో, అంటే దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యాల్లో, ‘సన్నని’, ‘తగినంత’ అన్న మాటలు అస్పష్టం అన్నారు. గట్టు ఎత్తు, గాడి వెడల్పు మిల్లీమీటర్లలో రాసి ముగించేద్దామని మా ఏజెంటు సలహా. నాకు మనసు ఒప్పడం లేదు. ఏం చేయాలి?

బాలానగర్ లేత్:

ముందు తేదీ చూసుకోండి. నివేదిక జారీ అయిన రోజు నుంచి 6 నెలలలోపు జవాబు వెళ్లాలి. ఆ గడువు దాటకముందే గడువు పెంచమని ఫారం 4 వేస్తే మరో 3 నెలలు దొరుకుతాయి. ఊరికే వదిలేస్తే సెక్షన్ 21 కింద దరఖాస్తును వదులుకున్నట్లే లెక్క. అభ్యంతరాలు చూసి దిగులు పడకండి, అవి తిరస్కరణ కాదు. యంత్ర భాగాల దరఖాస్తుల్లో అభ్యంతరం లేకుండా వచ్చిన నివేదికను నేను ఇంతవరకు చూడలేదు.

నా అనుభవం వేరు, చేదు. మందుల కర్మాగారాల్లో వాడే గాలితో నడిచే జంట డయాఫ్రమ్ పంపులకు విడిభాగాలు చేస్తాను. అందులో వాల్వు అంటే బంతి. బంతి ఒకే చోట కూర్చుని సీటును అరగదీస్తుంది. బంతి ప్రతి దెబ్బకూ కొంచెం తిరిగి కూర్చునేలా సీటు లోపల ఏటవాలు గాడులు కోశాను. పని చేసింది, ఆర్డర్లు వచ్చాయి. పేటెంట్ కోసం రాసిన స్పెసిఫికేషన్‌లో, అంటే ఆవిష్కరణను వివరించే పత్రంలో, మాత్రం ‘మెరుగైన మన్నిక’ అని ఒక్క మాటే ఉంది. బంతి తిరుగుతుందన్న మాటే లేదు! విచారణలో ఆ సంగతి చెబితే, అది మీరు దాఖలు చేసిన పత్రంలో ఎక్కడుందని అడిగారు. సెక్షన్ 59 ప్రకారం సవరణ అంటే క్లెయిమును తగ్గించుకోవడం, దిద్దడం, వివరించడం మాత్రమే. కొత్త సంగతి చేర్చడానికి వీల్లేదు. అక్కడితో అయిపోయింది. ఆ సీటును ఇప్పుడు మా వీధిలోనే ముగ్గురు చేస్తున్నారు.

అందుకే అడుగుతున్నాను: గాడి వెంట మందు తిరిగి రేణువును తీసుకుపోతుందన్న వాక్యం మీ స్పెసిఫికేషన్‌లో ఉందా?

పల్నాటి పంపులు:

ఉందండి. తాత్కాలిక స్పెసిఫికేషన్‌లోనే ఉంది, పూర్తి స్పెసిఫికేషన్‌లో ఒక బొమ్మ, బాణాలు కూడా ఉన్నాయి. ఒకే మందు కలిపిన రెండు ట్యాంకులు పెట్టి పాత వాల్వు, కొత్త వాల్వు పక్కపక్కన నడిపిన సంగతి రాశాం. కడగకుండా వదిలేస్తే పాతది రెండో రోజు పీల్చడం మానేసింది, కొత్తది తొమ్మిదో రోజు కూడా పీల్చింది.

క్లెయిముల చిత్రిక:

అయితే మీ చేతిలో అసలు ఆయుధం ఉంది. నేను చెన్నైలో పేటెంట్ పని చేస్తాను. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై కార్యాలయం పరిధిలోనివే కనుక ఇలాంటి నివేదికలు తరచూ నా బల్ల మీదకు వస్తాయి.

ఆవిష్కరణ మెట్టు విషయంలో మన చట్టంలో సెక్షన్ 2(1)(జెఎ) అడిగేది ఇది: ఉన్న విజ్ఞానం కంటే సాంకేతికంగా ఒక అడుగు ముందుకు వేసి ఉండాలి, లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. వాటితోపాటు ఆ పని తెలిసినవాడికి అది తేలిగ్గా తట్టేది కాకూడదు. 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం కేసులో చెప్పిన మాట మీలాంటి వారికి నేరుగా తగులుతుంది. అదీ పెద్ద ప్రయోగశాల సంగతి కాదు, పాత్రలను లేత్ మీద బిగించి మెరుగుపెట్టే పరికరం. కార్ఖానాలో రోజువారీ చేసుకునే మెరుగుదల చాలదు, అంతకు మించి ఉండాలని కోర్టు తేల్చింది. ఆ పేటెంటు రద్దయింది. పరీక్షకుడి మనసులో ఉండే కొలబద్ద ఇదే.

సెక్షన్ 3(ఎఫ్)ను మాట మాట చదవండి. తెలిసిన పరికరాలు ‘ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, తెలిసిన రీతిలో’ పనిచేస్తుంటే వాటిని అమర్చడం ఆవిష్కరణ కాదన్నది దాని సారం. మీ గాడి, మీ పలచని అంచు విడివిడిగా పనిచేస్తున్నాయా? పలచని అంచు లేకపోతే గొడుగు చుట్టూతా సమానంగా లేస్తుంది, ప్రవాహం నాలుగు వైపులా చీలి బలహీనపడుతుంది. గాడి లేకపోతే మందమైన వైపు ఇరుక్కున్న రేణువుకు పలచని వైపు వెళ్లే దారి ఉండదు. ఒకటి తీసేస్తే రెండోది దండగ. ఈ రెండు వాక్యాలను బొమ్మ సంఖ్యతో సహా జవాబులో పెట్టండి.

మిల్లీమీటర్ల విషయంలో మీ మనసు చెప్పిందే నాకూ సరి అనిపిస్తుంది. గట్టు ఎత్తు 0.4 అని క్లెయిములో రాస్తే పక్క ఊరి అచ్చుల వారు 0.5 తో పోసి అమ్ముకుంటారు. కొలత బదులు నిష్పత్తి రాయండి: పలచని అంచు మందం, ఎదుటి అంచు మందంలో ఇంత వంతు లోపు అని. ‘సన్నని’ అన్న మాట మీది అభ్యంతరమూ దాంతో తీరుతుంది. ఆ నిష్పత్తి స్పెసిఫికేషన్‌లో ఉండి తీరాలి, లెక్కకట్టి ఇప్పుడు పెట్టడానికి లేదు.

బాలానగర్ లేత్:

ఇక్కడ నేను ఒప్పుకోను. చిన్న దుకాణం వారికి చేతిలో ఉన్న ఇరుకు పేటెంటు, విచారణలో పోయే విశాలమైన క్లెయిము కంటే మేలు. డబ్బు, కాలం రెండూ లెక్కలోకి తీసుకోవాలి.

క్లెయిముల చిత్రిక:

మీ నష్టం చూశాక ఆ మాట అనడం సహజమే. ఇక్కడ రెండూ చేసుకోవచ్చు. నిష్పత్తి ఉన్నది మొదటి క్లెయిము, కొలతలు ఉన్నవి దాని మీద ఆధారపడే క్లెయిములు. మొదటిది నిలవకపోతే వెనక్కి తగ్గడానికి చోటు ఉంటుంది.

ఇసార్ ఒడ్డున:

మ్యూనిక్ నుంచి రాస్తున్నాను. మాది అనకాపల్లి, ఇక్కడ ఒక పంపుల సంస్థలో ఇంజనీరును. మా డిజైన్లు యూరోపియన్ పేటెంట్ కార్యాలయానికి వెళ్లినప్పుడు పరీక్ష ఒక వరుసలో జరుగుతుంది. అన్నిటికంటే దగ్గరి పాత పత్రం ఏది? దానికీ మనదానికీ తేడా ఏమిటి? ఆ తేడా వల్ల కలిగే ఫలితం ఏమిటి? ఆ ఫలితం కోసం వెతికేవాడు రెండో పత్రం వైపు వెళ్లేవాడా? ‘వెళ్లగలడా’ అని కాదు, ‘వెళ్తాడా’ అని అడుగుతారు. అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్‌ఆర్ కేసులో మరోలా గట్టిగా చెప్పింది: తెలిసిన భాగాలు కలిసి ముందే ఊహించగల ఫలితం ఇస్తే అది ఆవిష్కరణ కాదు. అదీ యంత్ర భాగమే, కారు పెడల్.

భారత కార్యాలయం వీటికి కట్టుబడి ఉండదు. కానీ ఈ ప్రశ్నల వరుస మీకు ఆలోచనలో పనికొస్తుంది. మొదటి పత్రం గాలి పంపు, అందులో మందు రేణువుల ప్రసక్తే ఉండి ఉండదు. రెండోది తక్కువ ఒత్తిడికే తెరుచుకోవడానికి అంచును పలచన చేసింది. గాలి పంపు వాల్వు ఎలాగూ తేలికగా తెరుచుకుంటుంది, ఆ పనివాడికి ఆ పలచని అంచుతో అవసరం ఏమిటి?

ఒక పని తప్పకుండా చేయండి. పరీక్షకుడు చూపిన పేరాలు మాత్రమే కాక రెండు పత్రాలూ మొదటి అక్షరం నుంచి చివరి వరకు చదవండి. ఏజెంటుకు అప్పగించకండి. వాల్వును చేత్తో విప్పినవారి కంటికి కనిపించేది వేరు.

కాకినాడ మాస్టారు:

ఇంజనీరింగ్ కళాశాలలో పాఠం చెబుతాను. ఇంకా దరఖాస్తు చేయనివారి కోసం రెండు మాటలు. పాత పేటెంట్ల వెతుకులాట మాటలతో చేయకండి, పేటెంట్ల వర్గీకరణ సంఖ్యలతో చేయండి. ఒకరు గొడుగు వాల్వు అంటారు, మరొకరు పుట్టగొడుగు అంటారు, ఇంకొకరు వంగే మూత అంటారు. డయాఫ్రమ్ పంపులు ఎఫ్04బి 43/02 కింద, పంపుల వాల్వులు ఎఫ్04బి 53/10 కింద, వంగే బిళ్లతో ఒకవైపే తెరుచుకునే వాల్వులు ఎఫ్16కె 15/14 కింద ఉంటాయి. పేటెంట్లు వెతికే వెబ్‌సైట్లయిన ఎస్పాస్‌నెట్‌లో, మన ఇన్‌పాస్‌లో ఉచితంగా చూడవచ్చు.

రెండోది, మా విద్యార్థులు నీటి శుద్ధి యంత్రపు పంపుకు చేసిన వాల్వును దరఖాస్తుకు నాలుగు నెలల ముందు వీడియో తీసి అందరికీ చూపారు. పరీక్షలో ఆ వీడియోనే పాత పత్రంగా మా ముందుకు వచ్చింది. వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. తప్పు నాది, నేను ముందే చెప్పవలసింది. సెక్షన్ 31లో ఉన్న 12 నెలల వెసులుబాటు ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలు, విద్వత్సభల్లో చదివిన పత్రాల వంటి కొన్నింటికే. సొంతంగా పెట్టిన వీడియోకు అది వర్తించలేదు.

పల్నాటి పంపులు:

మాస్టారూ, మీ మాటతో భయం పట్టుకుంది. దరఖాస్తుకు ముందు అయిదుగురు రైతులకు ఈ వాల్వు వేసి ఇచ్చాను, పొలంలో చూడాలని. డబ్బు తీసుకోలేదు. అది బయటపెట్టినట్లు అవుతుందా?

క్లెయిముల చిత్రిక:

సెక్షన్ 32 చదవండి, మీలాంటి సందర్భం కోసమే ఉంది. దరఖాస్తు తేదీకి ముందు ఏడాది లోపు, సమంజసమైన పరీక్ష కోసం మాత్రమే, అదీ నలుగురిలో చేయక తప్పని స్వభావం గల ఆవిష్కరణ అయితే, అలా వాడినంత మాత్రాన కొత్తదనం పోదు. స్ప్రేయర్‌ను పొలంలో కాక ఎక్కడ పరీక్షిస్తారు? ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసిన పుస్తకం భద్రంగా ఉంచండి. అమ్మి ఉంటే మాత్రం కథ మారేది.

తెనాలి అచ్చులు:

పేటెంట్ ఇంత కష్టమైతే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు కదా? తొందరగా అవుతుందని విన్నాను.

క్లెయిముల చిత్రిక:

ఈ వాల్వుకు అది పనికిరాదు. 2000 నాటి డిజైన్ల చట్టం కంటికి కనిపించే రూపాన్ని కాపాడుతుంది. పనిచేసే విధానాన్ని, కేవలం యాంత్రిక పరికరాన్ని డిజైన్ నిర్వచనం నుంచే తప్పించింది. జర్మనీలో, చైనాలో చిన్న మెరుగుదలలకు యుటిలిటీ మోడల్ అనే రక్షణ ఉంది. మన దేశంలో లేదు. బాలానగర్, జీడిమెట్ల, ఆటోనగర్ వంటి చోట్ల పుట్టే మెరుగుదలలకు అలాంటి చట్టం అవసరమని నా గట్టి నమ్మకం.

పల్నాటి పంపులు:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ఇసార్ ఒడ్డున గారు చెప్పినట్లు రెండు పత్రాలూ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. తను డిగ్రీ రెండో సంవత్సరం. గాలి పంపు పత్రంలో, పరీక్షకుడు చూపని చోట, ఒక పేరా ఉంది. సీటు మీద గట్టు ఒక్కటే ఉండాలట. రెండు గట్లు పెడితే నడుమ గాడిలో దుమ్ము చేరి వాల్వు సరిగా మూసుకోదట, అందుకే గాడి లేకుండా చేశామని రాశారు. మా అమ్మాయి ఆ వాక్యం తెలుగులో చెప్పగానే మళ్లీ చదవమన్నాను. మూడుసార్లు చదివించాను.

వాళ్లు ఏది చేయవద్దన్నారో నేను అదే చేశాను. గాడిలో దుమ్ము చేరుతుందని వాళ్లు భయపడ్డారు. పలచని అంచు ఉండటం వల్ల నా గాడిలో రేణువు నిలవదు.

మందాల నిష్పత్తి కూడా దొరికింది. పూర్తి స్పెసిఫికేషన్ ఆరో పేజీలో ‘సగానికి మించకుండా’ అని ఉంది.

క్లెయిముల చిత్రిక:

ఆ పేరా సంఖ్యతోనే జవాబు మొదలుపెట్టండి, మిగతావన్నీ దాని తర్వాతే. ఆ పత్రం చదివిన పనివాడు గాడికి దూరంగా జరుగుతాడు, దగ్గరకు రాడు. మార్చిన క్లెయిములకు మార్పులు చూపే ప్రతి, శుభ్రమైన ప్రతి రెండూ జతచేయండి. ఆరో పేజీ వాక్యాన్ని ఆధారంగా చూపండి. రెండు ట్యాంకుల పరీక్ష వివరాలను అఫిడవిట్‌గా ఇవ్వండి. విచారణకు పిలిస్తే అది వీడియోలో ఉంటుంది. వాల్వును మధ్యకు కోసి కెమెరా ముందు పట్టుకోవడానికి ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. విచారణ తర్వాత రాతపూర్వక వాదనకు 15 రోజులే ఉంటాయి, దాన్ని ముందే రాసి పెట్టుకోండి.

బాలానగర్ లేత్:

కోసిన వాల్వు నేను చేసి పంపుతాను. వైరుతో కోస్తే రబ్బరు నలుగుతుంది, గడ్డకట్టించి కోయాలి. రెండు బిళ్లలు, ఒక సీటు పార్సిల్ చేయండి, చిరునామా విడిగా సందేశం పెడతాను.