యెరికో గోడలు యెహోషువ కాలంలోనే కూలాయా?

పాతమట్టి: మోషే తర్వాత యెహోషువ నడిపిన ఇశ్రాయేలీయులు ఏడు రోజులు చుట్టూ తిరిగితే యెరికో గోడలు కూలాయని బైబిల్లో ఉంది కదా. మొన్న ఆదివారం ప్రసంగంలో మళ్లీ అదే మాట విన్నాను. "యెరికోను తవ్వి చూశారు, బైబిల్ నిజమని తేలిపోయింది" అని. అది 1930లలో అక్కడ తవ్విన పురావస్తు పండితుడు జాన్ గార్‌స్టాంగ్ చెప్పిన సంగతి. కూలిన గోడ క్రీ.పూ. 1400 ప్రాంతానిదన్నాడు ఆయన. తర్వాత 1952-58లో కాథ్లీన్ కెన్యన్ అక్కడే తవ్వి, ఆ గోడ ఇంకా దాదాపు వెయ్యేళ్లు పాతదనీ, ఊరు తగలబడింది 1550 ప్రాంతంలోననీ తేల్చారు. యెహోషువ వచ్చేసరికి కూలడానికి గోడే లేదు. ఇంకా ఎన్నాళ్లు పాత మాటే చెబుతాం?

బేతేలు బాబు: వందనాలు బ్రదర్. కెన్యన్ ముఖ్యంగా దేన్నిబట్టి అలా అన్నారు? 1400 నాటి ఊరైతే ఉండాల్సిన సైప్రస్ రంగు కుండలు దొరకలేదని. చిన్న ముక్క తవ్వి, దిగుమతి సరుకు లేదు కాబట్టి ఊరే లేదంటే ఎలా? పురావస్తు పండితుడు బ్రయంట్ వుడ్ 1990లో అడిగింది అదే. పైగా కాలిన ధాన్యం జాడీల నిండా దొరికింది. నెలల తరబడి ముట్టడిస్తే తిండి మిగులుతుందా? కోతకాలమని యెహోషువ గ్రంథం 3:15లో ఉంది, ఏడు రోజుల్లో పడిందని 6లో ఉంది. సరిపోయిందా లేదా?

పాతమట్టి: ఆ ధాన్యం ఎన్నేళ్ల నాటిదో తేల్చడానికి 1995లో రేడియోకార్బన్ పరీక్ష చేశారు. క్రీ.పూ. 17వ శతాబ్దం చివర లేదా 16వ శతాబ్దం అని వచ్చింది. మీ సాక్షే మీకు అడ్డం తిరిగింది.

బేతేలు బాబు: రేడియోకార్బన్ లెక్కకీ ఈజిప్టు రాజుల కాలాల లెక్కకీ ఆ కాలంలో పొంతన కుదరదు. గ్రీసులోని సాంటోరిని అగ్నిపర్వతం ఎప్పుడు పేలిందన్న విషయంలో పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ముందు జాడీల సంగతి చెప్పండి.

గోదారోడు: ఇద్దరూ ఆ జాడీలు వదలరా? యెరికో తర్వాత యెహోషువ కాల్చాడన్న హాయి పట్టణం మాటేంటి? ఎత్-తెల్ దిబ్బే హాయి అంటారు. అది క్రీ.పూ. 2400 నాటికే పాడుబడి వెయ్యేళ్లకు పైగా ఖాళీగా ఉంది. ఖాళీ దిబ్బ మీద యుద్ధం చేశారా?

బేతేలు బాబు: ఎత్-తెల్ హాయి కాదు. జాడీల సంగతి?

మల్లెపందిరి: యెహోషువ జయించాడన్న మరో పట్టణం హాసోరు చూడండి. యాదీన్ 1950లలో, బెన్-తోర్ 1990 నుంచి తవ్వారు. క్రీ.పూ. 13వ శతాబ్దంలో పెద్ద మంటలు, కాలిన రాజభవనం, తలలూ చేతులూ తెగిన విగ్రహాలు. దిబ్బల మీది ఊళ్లలో హాసోరును మాత్రమే కాల్చారని 11:13లో ఉంది కూడా. కానీ బాబు అన్నయ్యా, యెరికో 1400లో, హాసోరు 13వ శతాబ్దంలో అంటే యెహోషువ ఎన్నేళ్లు బతికాడు? 24:29లో 110 ఏళ్లే అని ఉంది.

బేతేలు బాబు: హాసోరు అంతకుముందూ ఒకసారి కాలిందమ్మా. మీరు చెప్పేది యెహోషువ తర్వాతి దెబోరా, బారాకుల కాలం నాటిది. సొలొమోను మందిరానికి 480 ఏళ్ల ముందు నిర్గమం, అంటే ఇశ్రాయేలీయులు ఈజిప్టు విడవడం, అని 1 రాజులు 6:1 చెబుతోంది, లెక్క వేసుకోండి, యెరికోకి 1400 ప్రాంతమే వస్తుంది.

పాతమట్టి: దొరికితే రుజువు, దొరక్కపోతే వేరే దిబ్బ. బాగుంది! కెన్యన్ గురించి సండే స్కూల్లో చెప్పినందుకు నన్ను ఇక రావద్దన్నారు. పెద్దల్లో ఒక్కరైనా పుస్తకం తెరిచి చూస్తే ఒట్టు.

బేతేలు బాబు: ఓహో, కోపం సంఘం మీదన్నమాట. మధ్యలో యెరికో ఏం చేసింది?

అడ్మిన్: వ్యక్తిగత మాటలొద్దు. ఇద్దరికీ చెబుతున్నా.

పాతమట్టి: ఏం చేసిందో చెబుతాను. 6:21 చదివి ఓ అమ్మాయి, "పిల్లల్నీ ముసలివాళ్లనీ కూడా చంపమని దేవుడే చెప్పాడా సార్?" అని అడిగింది. అప్పటికి అక్కడ ఊరే లేదన్నాను. ఆ జవాబు నాకే ఎక్కువ అవసరం. అది జరగలేదంటేనే నేను ప్రార్థన చేసుకోగలను.

బేతేలు బాబు: అంటే మీకు నచ్చని పేజీ చింపేస్తారు. రేపు ఎర్రసముద్రం, ఎల్లుండి ఖాళీ సమాధి. మా మందిరం స్థలం కోసం మా అమ్మ యెరికో ప్రార్థన పెట్టుకుని ఏడు రోజులు దాని చుట్టూ తిరిగింది. స్థలం వచ్చింది. జరగని దాని పేరు మీద తిరిగిందా మా అమ్మ?

మల్లెపందిరి: ఆ స్థలంలో ముందున్న వాళ్లు ఎటు పోయారు అన్నయ్యా?

బేతేలు బాబు: అది పోరంబోకు. ఎవరూ లేరు.

పాతమట్టి: కెన్యన్ చెప్పిందీ అదే కదా బ్రదర్!

బేతేలు బాబు: నవ్వులాట కాదు. ఆదికాండం 15 చదవండి. ఆ దేశంలో ఉన్న అమోరీయుల పాపం నిండేదాకా 400 ఏళ్లు ఆగి ఇచ్చిన తీర్పు అది.

పాతమట్టి: చంటిపిల్లల పాపం ఎంత నిండిందంటారు?

బేతేలు బాబు: ఆయన న్యాయాన్ని కొలవడానికి నేనెవర్ని? మీరెవరు?

గోదారోడు: సరే గానీ, ఎత్-తెల్ కాకపోతే హాయి ఏ దిబ్బో చెప్పలేదు బాబు గారు.