స్క్రూలు పెడితే కాస్ట్ షీట్ ఒప్పుకోవట్లేదు, గమ్ పెడితే ఓకే అంటోంది

బాడీడిజైన్
చిన్న ఎలక్ట్రిక్ అప్లయన్సులు చేసే కంపెనీలో ప్రొడక్ట్ డిజైన్ చూస్తానండి. బాడీ రెండు ప్లాస్టిక్ ముక్కలు, లోపల మోటారు, ఒక బోర్డు, అంతే. నేను నాలుగు స్క్రూలతో విప్పగలిగేలా డిజైన్ చేశా. పాడైతే రిపేర్ అవుతుంది, చివర్లో రాగి వేరు ప్లాస్టిక్ వేరు తీసుకోవచ్చు. ఫైనాన్స్ వాళ్ళేమో గమ్‌తో అంటించే వెర్షనే చేయండి, మీది యూనిట్ కాస్ట్ బాగా ఎక్కువ వస్తోంది అంటున్నారు. స్క్రూల రేటు పెద్ద లెక్కలోది కాదు, అసెంబ్లీలో ఇంకాస్త టైం పడుతుంది అంతే, మరి అంత తేడా ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థం కావట్లేదు. ఎవరైనా చెప్తారా?

లెడ్జర్‌బాబు
ముందు ఆ షీట్‌లో ఓవర్‌హెడ్ (అద్దె, మేనేజర్ జీతం లాంటి ఉమ్మడి ఖర్చులు) లైన్ దేని మీద వేశారో చూడండి. నా అనుమానం లేబర్ మీద శాతంగా వేసుంటారు. ఉదాహరణకి లేబర్‌కి 300 శాతం ఓవర్‌హెడ్ అనుకోండి, స్క్రూలు బిగించడానికి లేబర్ 1 పెరిగితే షీట్‌లో 4 పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ స్క్రూ బిగించినంత మాత్రాన బిల్డింగ్ అద్దె పెరుగుతుందా, మేనేజర్ జీతం పెరుగుతుందా? ఆ 3 ఎలాగూ కట్టే డబ్బే, మీ డిజైన్ నెత్తిన పడిందంతే. 1980ల్లో కూపర్, కప్లాన్ అనే అకౌంటింగ్ ప్రొఫెసర్లు యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ (ఏ పని వల్ల ఖర్చు పుడుతోందో దాన్నిబట్టి పంచడం) అని గట్టిగా వాదించింది ఈ గొడవ గురించే, లేబర్ తగ్గిపోయి మెషీన్లు, సెటప్పులు, పర్చేజ్ ఆర్డర్లు పెరిగాక కూడా అన్నిటినీ లేబర్ మీదే పంచితే లెక్క అడ్డం తిరుగుతుంది అని.

ఒక్క జాగ్రత్త. ఆ అసెంబ్లీ లైనే మీ బాటిల్‌నెక్ (మొత్తం ఉత్పత్తిని ఆపే నెమ్మది చోటు) అయితే మాత్రం ఫైనాన్స్ వాళ్ళది పూర్తిగా తప్పు కాదు, అక్కడ పోయే ప్రతి సెకనుకీ తక్కువ పీసులు బయటికొస్తాయి, అది నిజమైన ఖర్చే.

షాప్‌ఫ్లోర్‌వాడు
గమ్ చీప్ అనేవాళ్ళు లైన్ దగ్గర ఒక షిఫ్ట్ నిలబడితే తెలుస్తుంది. గమ్ ఆరాలి, ఆరేదాకా పీసుల్ని ఫిక్చర్లలో (కదలకుండా పట్టి ఉంచే బిగింపుల్లో) పెట్టుంచాలి, అంటే స్థలం, ఫిక్చర్లు, మధ్యలో ఆగిపోయిన స్టాకు. నాజిల్ ఎండిపోతే క్లీనింగు, వాసనకి ఎగ్జాస్టు. ఇవన్నీ పక్కన పెట్టండి, అసలుది ఫైనల్ టెస్టింగ్‌లో. బోర్డు ఫెయిల్ అయితే స్క్రూ పీసు విప్పి బోర్డు మార్చి మళ్ళీ లైన్లో పెడతాం. గమ్ పీసు బాడీ పగలగొట్టాలి, మోటారు బాగానే ఉన్నా చాలాసార్లు మొత్తం స్క్రాప్ బిన్‌లోకే. ఆ స్క్రాపు ఏ హెడ్‌లో రాస్తారో అడగండి, "ఫ్యాక్టరీ జనరల్" అంటారు చూడండి, అంటే స్క్రూ మోడల్ కూడా దాని వాటా మోస్తున్నట్టే 😂

బాడీడిజైన్
@లెడ్జర్‌బాబు మీరన్నదే అండి, లేబర్ మీద శాతమే. లైన్‌కి ఇంకా కెపాసిటీ ఉంది, బాటిల్‌నెక్ మోల్డింగ్ (ప్లాస్టిక్ కరిగించి అచ్చు పోసే చోటు) దగ్గర. కానీ పర్యావరణం గురించి ఎత్తితే మా బాస్ సెంటిమెంట్ వద్దు నంబర్ పెట్టు అంటున్నారు. అది ఎలా పెట్టేది?

వేస్ట్‌లెక్క
మెటీరియల్ ఫ్లో కాస్ట్ అకౌంటింగ్ చూడండి, దాని అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్ఓ 14051, 2011లో వచ్చింది. లెక్క సింపుల్. 100 కేజీలు లోపలికి వెళ్ళి 80 కేజీలు మంచి పార్ట్‌గా వస్తే మామూలు కాస్టింగ్‌లో మొత్తం ఖర్చు ఆ 80 మీదే వేసేస్తాం, 20 కేజీలు ఎవరికీ కనపడవు. ఇందులో ఆ 20 కేజీలకి కూడా మెటీరియల్, కరెంటు, మెషీన్ టైం, జీతాల్లో వాటా వేస్తారు, పారేయడానికి అయ్యేది మొత్తం దాని మీదే. మీకు మోల్డింగే బాటిల్‌నెక్ కాబట్టి ఇంకా బాగా పనికొస్తుంది. రన్నర్లు (అచ్చులోకి ప్లాస్టిక్ వెళ్ళే దారుల్లో గడ్డకట్టి మిగిలే ముక్కలు) రీగ్రైండ్ చేసి, అంటే నూరి, మళ్ళీ కలుపుతున్నాం వేస్ట్ ఎక్కడుంది అంటారు కదా, అదే ప్లాస్టిక్‌ని రెండోసారి కరిగించే కరెంటు, ఆ షాట్‌లో (ఒక్కో అచ్చు పోతలో) రన్నర్ చల్లబడటానికి పట్టే టైం ఎవరిస్తున్నారు? దానికో నంబర్ వేసి చూపిస్తే హాట్ రన్నర్ (ఆ దారుల్లో ప్లాస్టిక్ గడ్డకట్టకుండా వేడిగా ఉంచే ఏర్పాటు) ప్రపోజల్ కూడా ఇదే మీటింగ్‌లో పెట్టొచ్చు.

నమ్మనివాడు
అందరూ లెక్క సరిచేస్తే పర్యావరణం దానంతట అదే బాగుపడుతుంది అన్నట్టు మాట్లాడుతున్నారు. కాదు బాస్. కంపెనీ జేబులోంచి పోని ఖర్చు ఎంత మంచి కాస్టింగ్‌లో అయినా సున్నానే. కస్టమర్ మూడేళ్ళకి పారేస్తే చెత్త ఖర్చు వేరేవాళ్ళది, పైగా మీకు కొత్తది అమ్ముడుపోతుంది. టార్గెట్ కాస్టింగ్ కూడా అంతే, అమ్మే ధరలోంచి లాభం తీసేసి మిగిలిందాంట్లోనే చెయ్యమంటారు, ఎంతకాలం మన్నాలి అన్నది ముందే రాసుకోకపోతే మొదట కోసేది ఆ మన్నికనే. అందుకే రూల్స్ కావాలి. ఫ్రాన్స్‌లో 2021 నుంచి కొన్ని వస్తువుల మీద రిపేరబిలిటీ స్కోరు వేయాల్సొచ్చింది, విప్పడం ఎంత తేలిక, స్పేర్ పార్టు రేటెంత అన్నీ అందులో మార్కులే. అలాంటిది ఉంటే స్క్రూ అనేది అమ్మకాల విషయం అవుతుంది, అప్పుడు ఫైనాన్స్ వాళ్ళే స్క్రూలు ఎక్కడ అని అడుగుతారు.

లెడ్జర్‌బాబు
@నమ్మనివాడు ఒప్పుకుంటా, కానీ రూల్ వచ్చేదాకా జేబులోంచి పోతున్నదైనా కనపడాలిగా. వారంటీ ఖర్చు సర్వీస్ డిపార్ట్‌మెంట్ బడ్జెట్‌లో ఉంటుంది, డిజైన్ షీట్‌లోకి రాదు. గమ్ మోడల్ అయితే వారంటీలో రిపేర్ ఉండదు, కొత్త పీసే ఇవ్వాలి. @బాడీడిజైన్ మీ పాత మోడల్స్‌కి రిటర్న్స్ డేటా ఉందా?

బాడీడిజైన్
ఉందండీ, ఇప్పుడే తీయించా. మోడల్‌వారీగా ఉంది కానీ ఫెయిల్యూర్ కోడ్ దగ్గర సగానికి పైగా "అదర్స్" అని కొట్టేశారు.

షాప్‌ఫ్లోర్‌వాడు
అయితే డేటా వదిలేసి రిటర్న్ వచ్చిన పీసులు కొన్ని తెప్పించుకుని టేబుల్ మీద విప్పి చూడండి. బోర్డు పోయిందా, మోటారు పోయిందా, లేక లోపల వైర్ ఊడిందా అంతే. వైర్ ఊడినవే ఎక్కువుంటే ఆ పీసులూ, వాటి బదులిచ్చిన కొత్త పీసుల కాస్టూ పక్కపక్కన పెట్టి మీ బాస్‌ని పిలవండి. గమ్ వాటికి కట్టర్ తీసుకెళ్ళడం మర్చిపోకండి.